పెర్కిన్స్ డబ్బు: చట్టం మారకముందే వేసుకోవాల్సిన లెక్కలు

(అమెరికాలో స్కూల్ డిస్ట్రిక్టుల సలహా సంఘాల్లో కూర్చునే తెలుగు తల్లిదండ్రులు, చిన్న వ్యాపారులు, కమ్యూనిటీ కాలేజీ అధ్యాపకులను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

ఒక వెల్డింగ్ బూత్ దగ్గర మొదలుపెడదాం. హైస్కూల్లో వెల్డింగ్ నేర్పే షెడ్డులో ఒక్కో విద్యార్థికి పరదా కట్టిన చిన్న అర ఉంటుంది. అందులో ఏమేం ఉంటాయో చూడండి. ఒక వెల్డింగ్ మెషీన్, పొగ లాగే గొట్టం, హెల్మెట్, తోలు గ్లోవ్స్, గోడకు త్రీఫేజ్ పాయింటు. పక్కనే పాఠం చెప్పే టీచరు. షెడ్డు, కరెంటు లైను సాధారణంగా స్థానిక బాండు డబ్బుతో కట్టినవి. టీచరు జీతం రాష్ట్రం ఇచ్చేదీ, మీరు కట్టే ఇంటిపన్నూ కలిసి వస్తుంది. మెషీన్ మాత్రం చాలాచోట్ల ఫెడరల్ డబ్బుతో కొన్నదై ఉంటుంది. ఆ డబ్బు పేరే పెర్కిన్స్. మొత్తం ఖర్చులో దాని వాటా చిన్నది. కానీ కొత్త మెషీన్ కొనాలన్నా, టీచర్ని శిక్షణకు పంపాలన్నా, కొత్త కోర్సు మొదలుపెట్టాలన్నా మొదట తడుముకునేది ఆ జేబునే. దాని నిబంధన మారితే మిగతా రెండు జేబులూ కదలాల్సి వస్తుంది.

చరిత్ర రెండు ముక్కల్లో చెప్తాను. వృత్తి విద్యకు ఫెడరల్ డబ్బు 1917లో స్మిత్-హ్యూస్ చట్టంతో మొదలైంది. 1984లో వచ్చిన చట్టానికి కెంటకీ కాంగ్రెస్ సభ్యుడు కార్ల్ పెర్కిన్స్ పేరు పెట్టారు. ఆ తర్వాత 1990, 1998, 2006, 2018ల్లో దాన్ని తిరగరాశారు. ఇప్పుడు నడుస్తున్నది ఐదోది, అందుకే 'పెర్కిన్స్ ఫైవ్' అంటారు. 2018 జులై 31న సంతకం అయింది, 2019 జులై 1 నుంచి అమల్లోకి వచ్చింది. మధ్యలో ఎడం చూడండి: ఆరేళ్లు, ఎనిమిదేళ్లు, ఎనిమిదేళ్లు, పన్నెండేళ్లు. మారడం ఖాయం, ఎప్పుడన్నది మాత్రం ఎవరి చేతిలోనూ లేదు. కాబట్టి తేదీ మీద పందెం కాసే ప్రణాళిక పనికిరాదు. ఏ తేదీన మారినా నిలబడేది కావాలి.

ఒక అపోహ తీసేసి ముందుకు వెళ్దాం. 2018 చట్టంలో నిధుల అనుమతి 2024 ఆర్థిక సంవత్సరం వరకే రాసి ఉంది. అది దాటిపోయింది కాబట్టి చట్టం చచ్చిపోయిందని కొందరు బోర్డు సమావేశాల్లో కంగారు పడుతుంటారు. ఫెడరల్ విద్యా కార్యక్రమాలన్నిటికీ వర్తించే ఇంకో చట్టం ఉంది. అది గడువును దానంతటదే ఒక ఏడాది పొడిగిస్తుంది. ఆ పైన కూడా కాంగ్రెస్ ఏటా బడ్జెట్‌లో డబ్బు పెడుతున్నంత కాలం పాత నిబంధనలే నడుస్తాయి. 2006 చట్టం అలాగే తన గడువు దాటి ఏళ్ల తరబడి నడిచింది.

అందుకే 'చట్టం మారింది' అని ఎవరైనా అనగానే మీరు అడగాల్సిన మొదటి ప్రశ్న: మారింది ఏది? అసలు చట్టమా, ఏటేటా కేటాయింపా, నడిపే ఆఫీసా? ఈ మూడూ వేర్వేరు. చట్టం మారితే నిర్వచనాలు, పంపిణీ సూత్రం, లెక్కల పద్ధతి మారతాయి. మీకు ఏడాదో రెండేళ్లో సమయం దొరుకుతుంది. కేటాయింపు మారితే అంకె ఒక్కటే మారుతుంది గానీ సమయం దొరకదు. ఆఫీసు మారితే ఫారాలు, ఫోన్ నంబర్లు, చెల్లింపుల వెబ్‌సైటు మారతాయి.

అంకె ఎంత నిర్దాక్షిణ్యంగా మారుతుందో 2011 చూపించింది. అప్పటి చట్టంలో 'టెక్ ప్రెప్' అని హైస్కూలునీ కాలేజీనీ కలిపే పనికి విడిగా ఒక పద్దు ఉండేది. ఏడాదికి సుమారు 10 కోట్ల డాలర్లు. చట్టం పుస్తకంలో ఆ అధ్యాయం ఒక్క అక్షరం మారలేదు. 2011 బడ్జెట్‌లో మాత్రం దాని ఎదురుగా సున్నా పడింది. ఆ పద్దు మీద జీతం తీసుకుంటున్న కోఆర్డినేటర్ల ఉద్యోగాలకు కాళ్ల కింద నేల లేకుండా పోయింది. 2013లో అన్ని శాఖలకూ ఒకేసారి కోతపడినప్పుడు పెర్కిన్స్‌కు సుమారు 5 శాతం తగ్గింది. ఆ తర్వాత మెల్లగా పెరుగుతూ 2019కి 126 కోట్లు, 2024కి 144 కోట్ల డాలర్ల దాకా వచ్చింది. పెరిగింది కదా అనిపిస్తుంది. అదే కాలంలో స్టీలు, మెషీన్ల ధరలు ఎంత పెరిగాయో ఇక్కడున్న ఫ్యాక్టరీ వాళ్లకు నేను చెప్పనక్కర్లేదు.

ఇక అసలు సంగతి, సూత్రం. ఇది అర్థమైతే మిగతా సగం అర్థమైనట్టే. బోర్డు మీద రాసుకుంటూ లెక్క వేద్దాం.

ఒక రాష్ట్రానికి కోటి డాలర్లు వచ్చాయనుకుందాం. చట్టం ప్రకారం కనీసం 85 శాతం కిందికి, అంటే స్కూల్ డిస్ట్రిక్టులకు, కాలేజీలకు వెళ్లాలి. 10 శాతం దాకా రాష్ట్రస్థాయి కార్యక్రమాలకు, 5 శాతం దాకా పరిపాలనకు రాష్ట్రం ఉంచుకోవచ్చు. మన చేతికి 85 లక్షలు. ఇందులోంచి రాష్ట్రం 15 శాతం వరకు 'రిజర్వ్' తీసి పక్కన పెట్టవచ్చు. గ్రామీణ ప్రాంతాలకో, సీటీఈ (కెరీర్ అండ్ టెక్నికల్ ఎడ్యుకేషన్, అంటే వృత్తి విద్య) విద్యార్థులు ఎక్కువున్న చోట్లకో, ఫలితాల్లో వెనకబడిన చోట్లకో దాన్ని తనకు నచ్చిన పద్ధతిలో ఇవ్వవచ్చు. రిజర్వ్ పూర్తిగా తీస్తే 12 లక్షల 75 వేలు పోయి 72 లక్షల 25 వేలు మిగులుతాయి. దీన్ని హైస్కూళ్లకూ కాలేజీలకూ ఏ నిష్పత్తిలో పంచాలో రాష్ట్రం ఇష్టం. 60:40 అనుకుందాం. హైస్కూళ్లకు 43 లక్షల 35 వేలు.

ఇప్పుడు దీన్ని డిస్ట్రిక్టులకు పంచాలి. 30 శాతం ఆ డిస్ట్రిక్టులో ఉండే 5 నుంచి 17 ఏళ్ల పిల్లల సంఖ్యను బట్టి. 70 శాతం అదే వయసులో పేద కుటుంబాల పిల్లల సంఖ్యను బట్టి. మీ డిస్ట్రిక్టులో రాష్ట్రం మొత్తం పిల్లల్లో 1 శాతం ఉన్నారు, పేద పిల్లల్లో 0.5 శాతం ఉన్నారు అనుకోండి. మొదటి భాగం 13 లక్షల 500లో 1 శాతం, అంటే 13,005. రెండో భాగం 30 లక్షల 34 వేల 500లో అర శాతం, అంటే 15,172. మొత్తం 28,177 డాలర్లు.

ఈ లెక్కలో లేనిదేమిటో గమనించారా? మీ దగ్గర సీటీఈ చదివే పిల్లలు ఎంతమంది అన్నది ఎక్కడా లేదు. వెల్డింగ్‌లో 20 మంది ఉన్నా 200 మంది ఉన్నా ఈ అంకె కదలదు. మన తెలుగు కుటుంబాలు ఎక్కువగా స్థిరపడిన శివారు పట్టణాల్లో పిల్లలు ఎక్కువ, పేదరికం తక్కువ. 'ఇంత పెద్ద డిస్ట్రిక్టుకు ఇంత తక్కువా?' అని సలహా సంఘంలో ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. జవాబు ఆ 70 శాతంలో ఉంది. కాలేజీల వైపు సూత్రం వేరు. అక్కడ వృత్తి కోర్సుల్లో ఉన్న పెల్ గ్రాంట్ (తక్కువ ఆదాయమున్న కాలేజీ విద్యార్థులకు ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చే సాయం) విద్యార్థుల సంఖ్యే ప్రధానం.

ఇంకొంచెం చిన్న డిస్ట్రిక్టు తీసుకోండి. పిల్లల్లో 0.4 శాతం, పేద పిల్లల్లో 0.2 శాతం. 5,202 ఒకటి, 6,069 ఒకటి, కలిపి 11,271. హైస్కూలు వైపు కనీస గ్రాంటు 15,000 డాలర్లు. అంతకన్నా తక్కువ వస్తే విడిగా ఇవ్వరు, ఇంకో డిస్ట్రిక్టుతో కలిసి కన్సార్టియంగా రావాలి. జనం పలచగా ఉన్న గ్రామీణ ప్రాంతాలకు మినహాయింపు అడగవచ్చు. కాలేజీలకు ఈ గీత 50,000 దగ్గర ఉంది. మీ అంకె 15,000కు పైన రెండు వేల దూరంలోనే ఉంటే కొత్త జనాభా లెక్కలు వచ్చిన ఏడాది మీరు గీత కిందికి జారిపోవచ్చు. కన్సార్టియం ఒప్పందాన్ని అప్పుడు మొదలుపెడితే చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే. రెండు బోర్డులు ఆమోదించాలి, డబ్బు ఎవరి ఖాతాలోకి రావాలో తేల్చాలి, మెషీన్ ఎవరి షెడ్డులో ఉండాలో తేల్చాలి. ఇంకోటి, కన్సార్టియం డబ్బు సభ్యులందరికీ పనికొచ్చే కార్యక్రమాలకే వాడాలి, తలా కొంచెం పంచుకుని ఎవరి దారిన వాళ్లు పోవడానికి కుదరదు. చాలా కన్సార్టియంలు తప్పులో కాలేసేది సరిగ్గా అక్కడే.

ఇప్పుడు 2018 మార్పు ఏం చేసిందో అదే బోర్డు మీద చూద్దాం. పాత చట్టంలో రిజర్వ్ గరిష్ఠంగా 10 శాతం. కొత్తదాంట్లో 15. కోటి డాలర్లు అలాగే ఉన్నాయి, వాషింగ్టన్‌లో ఎవరూ పైసా కోయలేదు. 10 శాతం రిజర్వ్ ఉన్నప్పుడు సూత్రం ప్రకారం పంచేది 76 లక్షల 50 వేలు. 15 అయ్యేసరికి 72 లక్షల 25 వేలు. మన మొదటి డిస్ట్రిక్టుకు 29,835 రావాల్సింది 28,177కు దిగింది. సుమారు 5.6 శాతం కోత. 2013లో దేశమంతా గగ్గోలు పెట్టిన కోత కన్నా ఇది ఎక్కువ. ఇది మాత్రం రాష్ట్ర ప్రణాళికలో ఒక వాక్యంలో జరిగిపోతుంది. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వలేదన్న సామెత ఇక్కడ కాస్త మారుతుంది. పూజారి ఇస్తాడు, ఎవరికి ఇవ్వాలో తనే ఎంచుకుంటాడు. రిజర్వ్ డబ్బు మళ్లీ మీకే రావచ్చు, కానీ దరఖాస్తు పెట్టుకుని పోటీలో గెలవాల్సి రావచ్చు. దరఖాస్తు రాసే మనిషి ఉన్న డిస్ట్రిక్టుకు అది లాభం, లేనిదానికి నష్టం. రాష్ట్ర ప్రణాళికను కనీసం 30 రోజులు ప్రజల అభిప్రాయం కోసం పెట్టాలి. ఫలితాల లక్ష్యాలకు 60 రోజులు. ముసాయిదా రాగానే ముందు రిజర్వ్ శాతం ఎంత, దాన్ని ఏ పద్ధతిలో ఇస్తారు అన్న పేరా వెతకండి. మిగతా వంద పేజీలు తర్వాత చదువుకోవచ్చు.

డబ్బు సంగతి అది. దానికన్నా ముందు మారేవి నిర్వచనాలు. ఇక్కడ కాస్త ఆగుదాం.

పెర్కిన్స్ ఫలితాలన్నీ 'కాన్సెంట్రేటర్' అనే విద్యార్థి మీద లెక్కిస్తారు. పాత చట్టం కింద దీన్ని రాష్ట్రాలు రకరకాలుగా నిర్వచించుకునేవి. మూడు కోర్సులు, మూడు క్రెడిట్లు, ఇలా. కొత్త చట్టం దేశమంతటికీ ఒకటే గీత గీసింది: హైస్కూల్లో ఒకే ప్రోగ్రామ్‌లో కనీసం రెండు కోర్సులు పూర్తిచేసినవాడు. కాలేజీలో కనీసం 12 క్రెడిట్లు, లేదా ప్రోగ్రామే అంతకన్నా చిన్నదైతే అది పూర్తిచేసినవాడు. వినడానికి చిన్న మాట. లెక్కలో ఏమవుతుందో చూడండి. ఊరికే ఉదాహరణకు, మూడు కోర్సులు చేసి స్కూలు ముగించినవాళ్లు 80 మంది, వాళ్లలో పరిశ్రమ గుర్తించే సర్టిఫికెట్ సాధించినవాళ్లు 56 మంది. 70 శాతం. కొత్త నిర్వచనంతో రెండు కోర్సులవాళ్లూ చేరి 150 మంది అయ్యారు. సర్టిఫికెట్ పరీక్ష మూడో కోర్సు చివర ఉంది కాబట్టి కొత్తగా చేరినవాళ్లలో ఏడుగురికే అది ఉంది. మొత్తం 63. ఇప్పుడు 42 శాతం. టీచరు అదే, మెషీన్ అదే, పాఠం అదే. పేపర్లో మాత్రం '70 నుంచి 42కు పడిపోయిన డిస్ట్రిక్టు'. బోర్డు సభ్యుడెవరో టీచర్ని నిలదీస్తాడు.

దీనికి మందు ఒకటే. కొత్త నిర్వచనం చట్టంలోకి రాగానే పాత మూడేళ్ల విద్యార్థుల జాబితా తీసి కొత్త గీతతో మళ్లీ లెక్కించండి. అప్పుడు 42 పక్కన పాత ఏడు 41, అంతకు ముందు 43 కనిపిస్తాయి. పడిపోలేదని తెలుస్తుంది. ఈ పని రాష్ట్రం లక్ష్యాలు ఖరారు చేయకముందే చేయాలి, ఎందుకంటే లక్ష్యాన్ని మొదటి అంకె మీదే కడతారు. లక్ష్యంలో 90 శాతమైనా అందుకోకపోతే మెరుగుదల ప్రణాళిక రాయాలి. అప్పటికీ వరసగా రెండేళ్లు అందుకోలేకపోతే విచారణ జరిపి నిధులు ఆపే అధికారం రాష్ట్రానికి ఉంది. లక్ష్యం 45 అయితే గీత 40.5 దగ్గర ఉంటుంది, మీ 42 దాటుతుంది. పాత 70ని చూసి ఎవరైనా 60 లక్ష్యం ఒప్పుకుంటే గీత 54. మొదటి ఏడాదే మునిగారు.

జాబితా తిరగేసేటప్పుడు ఇంకో రోగం బయటపడుతుంది: కోర్సు కోడ్లు. 'ఒకే ప్రోగ్రామ్‌లో రెండు' అన్నారు. ఒకటి వెల్డింగ్, ఒకటి వంట చదివినవాడు కాన్సెంట్రేటర్ కాడు. కానీ కంప్యూటర్లో రెండో వెల్డింగ్ కోర్సును ఎవరో 'జనరల్ షాప్' కోడ్ కింద ఎక్కించి ఉంటే నిజంగా కాన్సెంట్రేటర్ అయినవాడు లెక్కలో లేకుండా పోతాడు. ఏడాది కోర్సును రెండు సెమిస్టర్లుగా చీల్చి రెండు కోడ్లు ఇచ్చిన చోట ఇంకో తప్పు. రాష్ట్రం దాన్ని ఒకటిగా లెక్కిస్తే మీ అంకె పెద్దదిగా కనిపిస్తుంది, ఆడిట్లో కూలిపోతుంది. ఈ సరిచూపు కౌన్సెలర్, డేటా క్లర్కు, టీచరు ముగ్గురూ ఒకే బల్ల దగ్గర కూర్చుంటే రెండు మూడు రోజుల పని. ముగ్గురూ ఈమెయిళ్లలో చేసుకుంటే రెండు నెలలు.

తర్వాతది అవసరాల అంచనా. సీఎల్ఎన్ఏ అంటారు. 2018లో కొత్తగా వచ్చిన బాధ్యతల్లో ఇదే పెద్దది, నా ఉద్దేశంలో మంచిది కూడా. రెండేళ్లకోసారి చేయాలి. విద్యార్థుల ఫలితాలను వర్గాలవారీగా విడదీసి చూడాలి. ప్రోగ్రామ్ పరిమాణం, నాణ్యత సరిపోతున్నాయా, చుట్టుపక్కల ఉద్యోగాలకు పొసగుతున్నాయా, హైస్కూలు నుంచి కాలేజీకి దారి ఉందా, టీచర్లు దొరుకుతున్నారా, ఎవరికైనా తలుపు మూసుకుపోయిందా, అన్నీ రాయాలి. టీచర్లు, కాలేజీలు, స్థానిక వ్యాపారులు, తల్లిదండ్రులు, విద్యార్థులు, వికలాంగులు మొదలైన ప్రత్యేక వర్గాల ప్రతినిధులు, ఇంకా కొందరు, అందరినీ సంప్రదించాలి. మిమ్మల్ని ఆ గదిలోకి పిలిచేది ఈ నిబంధనే.

దీని పదును ఎక్కడుందంటే, సీఎల్ఎన్ఏలో కనిపించని అవసరానికి పెర్కిన్స్ డబ్బు ఖర్చు పెట్టకూడదు. చాలాచోట్ల తలకిందులుగా జరుగుతుంది. ముందు మెషీన్ ఎంచుకుంటారు, తర్వాత అది కావాలనిపించేలా నివేదిక రాస్తారు. చదివితే ఇట్టే దొరికిపోతుంది. 'విద్యార్థులకు ఆధునిక పరికరాల అవసరం ఉంది' అన్న వాక్యం కనిపిస్తే అది వంటకు ముందే వడ్డించిన విస్తరి అని అర్థం. 'సీఎన్‌సీ (కంప్యూటర్ నడిపే కోత మెషీన్) ప్రోగ్రామ్‌లో 26 మందికి ఒకటే మెషీన్, ఒక్కొక్కరికి వారంలో 20 నిమిషాలు, సర్టిఫికెట్ పరీక్షలో సెటప్ భాగంలోనే ఎక్కువమంది తప్పుతున్నారు' అని ఉంటే ఆ ఖర్చును ఏ ఆడిటరూ కదపలేడు. వచ్చే చట్టంలో ఈ అంచనా ఉంటుందో లేదో ఎవరూ చెప్పలేరు. ఇలా రాసి పెట్టుకున్నది ఉంటే మాత్రం ఏ ఫారం వచ్చినా అందులోకి ఎత్తి పోయవచ్చు.

ఆ సీఎన్‌సీ మెషీన్‌నే ఇంకొంచెం దగ్గరగా చూద్దాం, ఎందుకంటే ప్రణాళికలు విరిగేది అక్కడే. కొటేషన్లో ఉండేది మెషీన్ ధర. కొటేషన్లో లేనివి: దింపడానికి ఫోర్క్‌లిఫ్ట్, త్రీఫేజ్ లైను లేకపోతే ఎలక్ట్రీషియన్, కంప్రెస్డ్ ఎయిర్, కూలెంట్, వాడేసిన కూలెంట్ పారబోయించే ఖర్చు, టూల్ హోల్డర్లు, ఏటా కట్టాల్సిన సాఫ్ట్‌వేర్ లైసెన్సు, టీచరుకు శిక్షణ. గోడ పగలగొట్టి లైను వేయడం లాంటి కట్టడం పనులు పెర్కిన్స్‌లో పెట్టే ముందు రాష్ట్ర ఆఫీసు నుంచి రాతపూర్వకంగా జవాబు తెచ్చుకోండి. వాటికి స్థానిక డబ్బు చూసుకోవడం మంచిది. లైను పడక మెషీన్ ప్యాకింగ్‌లోనే ఏడాది కూర్చుంటే, ఆడిట్ వాళ్లు చూసేది ఆ ప్లాస్టిక్ కవరునే. కొన్నాక జాబితాలో ఎక్కించి, కనీసం రెండేళ్లకోసారి చేత్తో తాకి సరిచూడాలి. ఏ ధర దాటితే 'ఎక్విప్‌మెంట్' అన్న గీత ఫెడరల్ నిబంధనల్లో 5,000 నుంచి 10,000 డాలర్లకు పెరిగింది, 2024 అక్టోబర్ 1 నుంచి. రాష్ట్రమో డిస్ట్రిక్టో తక్కువ గీత ఉంచుకోవచ్చు కాబట్టి మీ దగ్గర ఏది నడుస్తుందో కనుక్కోండి.

తేదీలు ఇంకో ఉచ్చు. గ్రాంటు సంవత్సరం జులై 1 నుంచి జూన్ 30. కాంగ్రెస్ ఇచ్చే డబ్బు మాత్రం రెండు దఫాలుగా విడుదలవుతుంది. కొంత జులై 1న, దాదాపు 79 కోట్ల డాలర్లు అక్టోబర్ 1న. అంటే జులైలో మీ పేరు మీద మొత్తం అంకె కనిపించినా అంతా చేతిలో ఉండదు. ఖర్చు ఏ తేదీన జరిగినట్టు అన్నదానికి కూడా రూలు ఉంది. వస్తువుకైతే కొనుగోలు ఒప్పందం మీద సంతకం పడిన రోజు. ఉద్యోగి జీతానికి పని చేసిన రోజు. ప్రయాణానికి ప్రయాణం చేసిన రోజు. జులై రెండో వారంలో సమావేశం ఉంటుంది, 'ఈ ఏడాది మిగిలిన డబ్బుతో టికెట్లు కొనేద్దాం' అని జూన్లో కొంటారు. టికెట్ జూన్లో కొన్నా ప్రయాణం జులైలో, కాబట్టి ఖర్చు కొత్త ఏడాదిది. చట్టం మారిన ఏడాదిలో ఈ తప్పు మరీ చేటు, ఎందుకంటే పాత ఏడాది డబ్బుకు పాత రూళ్లు, కొత్త ఏడాది డబ్బుకు కొత్త రూళ్లు. రెండూ ఒకే బిల్లులో కలిస్తే విడదీయడం నరకం. మిగిలితే వచ్చే ఏడాదికి దాచుకుందామనీ అనుకోకండి. విద్యా సంవత్సరంలో ఖర్చు కాని స్థానిక డబ్బు రాష్ట్రానికి వెనక్కి వెళ్లి మళ్లీ పంపిణీ అవుతుంది. ఇండియాలో యూసీ (డబ్బు వాడినట్టు ఇచ్చే ధ్రువపత్రం) పంపకపోతే తర్వాతి విడత ఆగుతుంది కదా, ఇక్కడ ఉన్నదే చేజారుతుంది.

ఇప్పుడు చెప్పబోయేది మాత్రం తప్పకుండా రాసుకోండి. పెర్కిన్స్ డబ్బు స్థానిక డబ్బుకు తోడుగా ఉండాలి, దాని బదులు ఉండకూడదు. పోయిన ఏడు స్థానిక డబ్బుతో ఇచ్చిన జీతాన్ని ఈ ఏడు పెర్కిన్స్ మీదికి నెడితే బదులుగా వాడినట్టే లెక్క, కాదని నిరూపించుకోవాల్సింది మీరే. ఇంతవరకు చాలామందికి తెలుసు. తెలియనిది దీని రెండో వైపు. కోత పడినప్పుడు మంచి మనసుతో బోర్డు ఏం చేస్తుంది? 'ఈ శిక్షకుడి జీతం ఒక్క ఏడాది మనమే ఇద్దాం' అంటుంది. రెండేళ్లకు డబ్బు తిరిగి పెరుగుతుంది. జీతాన్ని మళ్లీ పెర్కిన్స్ మీదికి మార్చబోతే ఆడిటరు అడుగుతాడు: పోయిన ఏడు స్థానిక డబ్బుతో ఇచ్చారుగా? అంటే ఒక్క ఏడాదికని తీసుకున్న భారం శాశ్వతంగా మెడకు చుట్టుకోవచ్చు. అందుకని స్థానిక డబ్బుకు మార్చే రోజే బోర్డు తీర్మానంలో రాయించండి: ఫెడరల్ కోత వల్ల తాత్కాలికంగా మాత్రమే, ఫలానా ఏడాది చివరితో ఆగుతుంది, ఆ తర్వాత స్థానిక బడ్జెట్‌లో దీనికి డబ్బు లేదు. తీర్మానం, బడ్జెట్ పత్రం, కోత ఉత్తరం మూడూ ఒకే ఫైల్లో ఉండాలి. నిరూపించుకోవడానికి ఉన్న ఆధారం అంతే.

దీన్నిబట్టే నా సలహా: పెర్కిన్స్ మీద శాశ్వత జీతాలు సగం దాటనివ్వకండి. చట్టంలో ఇలాంటి హద్దేమీ లేదు, నా అభిప్రాయం మాత్రమే. ఆపినా ఇల్లు కూలని ఖర్చులు సగం ఉంటే 10 శాతం కోత వచ్చినా ఒక్క మనిషినీ తీసేయకుండా గడుపుకోవచ్చు. బడ్జెట్ ఎప్పుడూ మూడు వరసల్లో రాయండి. ఒకటి ఈ ఏటి అంకె, ఒకటి 10 శాతం తక్కువ, ఒకటి అక్టోబర్ దఫా ఆలస్యమైతే జులై డబ్బు మాత్రమే. మూడోదాంట్లో ఏ కొనుగోలు ఆర్డర్లు నవంబరుకు జరపాలో ముందే గుర్తు పెట్టండి.

నెలల లెక్క ఇలా. స్థానిక దరఖాస్తు మే నెలలో ఇవ్వాలనుకుంటే సీఎల్ఎన్ఏ ఫిబ్రవరికి చేతిలో ఉండాలి. దానికి సమావేశాలు నవంబరు నుంచి జనవరి లోపు. అంకెలు సెప్టెంబరు, అక్టోబరుల్లో సిద్ధం కావాలి. పోయినసారి చట్టం జులై 31న వచ్చింది, 11 నెలలకు అమలైంది. రాష్ట్రాలకు ఒక ఏడాది మధ్యంతర ప్రణాళిక పెట్టుకునే వీలిచ్చారు, ఆపైన నాలుగేళ్ల పూర్తి ప్రణాళిక 2020 వసంతంలో రావాలి. సరిగ్గా అప్పుడే కోవిడ్ వచ్చి గడువు జరపాల్సి వచ్చింది. సమావేశాలు మార్చికి పెట్టుకున్న డిస్ట్రిక్టులకు ఎవరూ దొరకలేదు. ముందే పెట్టుకున్నవాళ్ల దగ్గర సంతకాల పట్టీలు ఉన్నాయి.

ప్రశ్నలు ఉంటే అడగండి.

(ప్రశ్న: పెర్కిన్స్‌ను కార్మికశాఖకు ఇచ్చేశారంటున్నారు. మా డిస్ట్రిక్టుకు ఏం మారుతుంది?)

2025లో ఫెడరల్ విద్యాశాఖ, కార్మికశాఖ ఒప్పందం చేసుకున్నాయి. రోజువారీ నిర్వహణ కార్మికశాఖ వైపు వెళ్లేలా. ఇది ఇందాక చెప్పిన మూడో రకం మార్పు. 85 శాతం, 30:70 సూత్రం, కాన్సెంట్రేటర్ నిర్వచనం, ఇవన్నీ చట్టంలో ఉన్నాయి, వాటిని కాంగ్రెస్ తప్ప ఎవరూ మార్చలేరు. డిస్ట్రిక్టుకు ఎదురుగా కూర్చునేది ఎప్పుడూ రాష్ట్ర ఆఫీసే. మీరు చేయాల్సింది ఒక్కటే: రాష్ట్రానికి డబ్బు అందడంలో ఆలస్యం అవుతోందా, రీయింబర్స్‌మెంట్ ఎన్ని రోజులు పడుతోందో నెలనెలా చూడండి. ముందు మీరు ఖర్చు పెట్టి తర్వాత తీసుకునే పద్ధతి అయితే ఆ 60 రోజులో 90 రోజులో డిస్ట్రిక్టు ఖాతా మోయగలదా అన్నది తేల్చుకోండి.

(ప్రశ్న: కాలేజీల్లో స్వల్పకాలిక కోర్సులకు పెల్ గ్రాంట్ వస్తుందంటున్నారు. దానికీ దీనికీ సంబంధం ఉందా?)

ఉంది. 2025 జులై 4న సంతకమైన చట్టం ప్రకారం 2026 జులై 1 నుంచి 8 వారాలకు తగ్గని, 15 వారాలకు లోపున్న, 150 గంటల నుంచి 600 గంటల లోపు కోర్సులకు పెల్ అందేలా రాశారు, గట్టి ఫలితాల షరతులతో. కాలేజీల పెర్కిన్స్ వాటా పెల్ విద్యార్థుల సంఖ్య మీద నడుస్తుందని చెప్పాను కదా. ఈ కొత్త విద్యార్థులను మీ రాష్ట్రం ఆ సంఖ్యలో ఎలా కలుపుతుందో ఇప్పుడే రాతపూర్వకంగా అడగండి. స్వల్పకాలిక కోర్సులు ఎక్కువ నడిపే కాలేజీకి, రెండేళ్ల డిగ్రీల కాలేజీకి మధ్య వాటాలు జరిగే అవకాశం అక్కడుంది.

(ప్రశ్న: మాది చిన్న ఎలక్ట్రికల్ కాంట్రాక్టింగ్ సంస్థ. పిల్లల్ని తీసుకుంటే డిస్ట్రిక్టు లెక్కలోకి వస్తుందా?)

రాష్ట్రం నాణ్యత కొలమానంగా పని అనుభవాన్ని ఎంచుకుని ఉంటే వస్తుంది. కొన్ని రాష్ట్రాలు సర్టిఫికెట్‌ను, కొన్ని కాలేజీ క్రెడిట్లను ఎంచుకున్నాయి. మీదేదో కనుక్కోండి. ఒక్క రోజు వచ్చి చూసి పోతే లెక్కలోకి రాదు. చట్టం అడిగేది పరిశ్రమ మనుషులతో కొనసాగే సంబంధం, పాఠానికి ముడిపడిన పని. కాగితం మీద విద్యార్థి పేరు, కోర్సు, నేర్చుకోవాల్సిన పనుల జాబితా, గంటలు, మీ దగ్గర చూసుకునే మనిషి పేరు, టీచరు సంతకం ఉండాలి. పైపు వంచడం, ప్యానెల్ లేబుల్ చేయడం, మీటరుతో కొలవడం, ఇలా పని పేరు పెట్టి రాయండి. 'సైటులో సహాయం' అని రాస్తే చెల్లదు. గంటల పట్టీ మీద వారం వారం సంతకం పెట్టండి. మే నెలలో డేటా క్లర్కు ఫోన్ చేసేసరికి ఆ కుర్రాడిని చూసుకున్న మీ ఫోర్‌మన్ ఇంకో కంపెనీలో ఉంటాడు.